అక్కా, ఎడమ చెవి పోయింది

"అక్కా, ఎడమ చెవి పోయింది. జర చూడు."

నా కౌంటరుకు వచ్చే పిల్లల్లో సగం మంది మాట ఇలాగే మొదలవుతుంది. వాళ్ళు చెప్పేది హెడ్‌సెట్ ఎడమ పక్క సంగతి. చాలా గేమింగ్ హెడ్‌సెట్లకు వైరు ఎడమ డొప్పలోకే దిగుతుంది, కుడిచేతి మౌసుకు అడ్డం రాకూడదని. కుర్చీ చక్రం కింద వైరు నలిగినా, ఆట మధ్యలో అమ్మ కేకేస్తే తలమీద హెడ్‌సెట్‌తోనే దిగ్గున లేచినా, ఆ లాగుడంతా ఎడమ డొప్పకే తగులుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, మేమంతా సీటీసీ అంటాం, దాని చుట్టుపక్కల సందుల్లోనే ఇరవై ఏళ్ళకు పైగా నా పని. అందులో ఈ పదేళ్ళూ దాదాపు హెడ్‌సెట్లే.

ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా అయ్యాక 1998లో చర్లపల్లిలో ఒక చిన్న యూనిట్‌లో చేరాను. ఈసీఐఎల్ చుట్టూ అప్పట్లో అలాంటి యూనిట్లు చాలా ఉండేవి. లైనులో కూర్చునేది అందరం ఆడవాళ్ళమే. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా బోర్డు మీద బోర్డు, సోల్డరింగ్. మా సూపర్‌వైజరమ్మ రోజూ ఒకే మాట చెప్పేది: "టాకా మెరవాలె, ముద్ద కట్టొద్దు." టాకా అంటే సోల్డర్ అతుకు. నాకు చేతిపని నేర్పింది ఆవిడే. మూడేళ్ళకు ఆ యూనిట్ ఆర్డర్లు లేక మూతపడింది. 2001లో సీటీసీలో కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపులో చేరాను. రిపేరు బెంచీ మీద ఆడమనిషిని చూసి కొందరు కస్టమర్లు "చేసేటోళ్ళు లేరా?" అంటూ నన్ను దాటి లోపలికి తొంగిచూసేవాళ్ళు. మా సేఠ్ "ఆమెనే చేసేది" అని కూర్చోబెట్టేవాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆ ఏడాదే ఒక పెద్దాయన డెల్ కంప్యూటరు పట్టుకొచ్చాడు. అమెరికాలో కొడుకు వాడి, కొత్తది కొనుక్కున్నాక నాన్నకు తెచ్చిచ్చినది. అన్నీ పనిచేస్తున్నాయి, సౌండే లేదు. విప్పి చూస్తే లోపల నేనెప్పుడూ చూడని సౌండ్ కార్డు. మాకు తెలిసినవి సౌండ్ బ్లాస్టర్లు, వాటికి నకళ్ళు. దీనిమీద టర్టిల్ బీచ్ మాంటెగో అని ఉంది. తాబేళ్ళ తీరం ఏంటి, సౌండ్ కార్డుకు ఆ పేరేంటి అనుకున్నాం. చర్లపల్లి అలవాటు కొద్దీ ముందు టాకాలు చూశాను. ఒక్కొక్కటి ముత్యంలా ఉంది.

కార్డులో లోపం లేదు. విండోస్ మార్చినప్పుడు దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పోయింది. అది దొరక్క రెండు రోజులు నెట్ కేఫ్‌లో కూర్చున్నాను. ఎందుకు దొరకలేదో అప్పుడే తెలిసింది. ఆ కార్డులోని చిప్పు చేసింది ఆరియల్ అనే కంపెనీ. సౌండ్ బ్లాస్టర్లు చేసే క్రియేటివ్ దానిమీద పేటెంటు దావా వేసింది. 1999లో కోర్టులో ఆరియలే గెలిచింది. కానీ ఆ ఖర్చులకు తట్టుకోలేక మరుసటి ఏడాది దివాలా తీసింది. దాని ఆస్తులను కొనుక్కున్నది క్రియేటివే. గెలిచినవాడి ఇల్లు ఓడినవాడే కొనుక్కున్న కథ అది. చివరికి డ్రైవర్ దొరికింది, సీడీలో రాయించుకొచ్చి వేశాను. పెద్దాయన ఘంటసాల పాట పెట్టించుకుని నిలబడే రెండు పాటలు విన్నాడు.

ఆ పేరు మళ్ళీ నాకు పదేళ్ళ తర్వాత కనబడింది. డల్లాస్ నుంచి వేసవి సెలవులకు వచ్చిన ఒక అబ్బాయి తలకు పెట్టుకునే హెడ్‌సెట్ తెచ్చాడు. ఇయర్ ఫోర్స్ ఎక్స్12. డొప్ప మీద అదే పేరు, టర్టిల్ బీచ్. దాని సన్న పిన్ను విరిగింది. ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలరుకు 2.5 మిల్లీమీటర్ల జాక్ ఉండేది. మన ఫోన్లకు వచ్చేది 3.5. కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగినా అలాంటి పిన్ను దొరకలేదు. చివరికి ఒక కాల్ సెంటర్ పారేసిన టెలిఫోన్ హెడ్‌సెట్ల కుప్పలో దొరికింది. ఆ పిన్ను వేసి ఇస్తూ, సౌండ్ కార్డుల కంపెనీ చెవిమీదికెలా వచ్చిందో తెలుసుకోవాలని మనసులో పట్టుకుంది. వచ్చిన హెడ్‌సెట్ ఎవరిదో, ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం అప్పటి నుంచే అలవాటైంది.

టర్టిల్ బీచ్ రెండు పాయలుగా పుట్టింది. మొదటిది 1975లో న్యూయార్క్‌లో. కార్మైన్ బొనాన్నో, ఫ్రెడ్ రొమానో అనే ఇద్దరు ఆక్టేవ్ ఎలక్ట్రానిక్స్ పేరుతో సింథసైజర్లు చేయడం మొదలుపెట్టారు. సంగీతం వాయించే ఎలక్ట్రానిక్ పెట్టెలన్నమాట. ఒకదాని పేరు క్యాట్. తర్వాత వోయెట్రా పేరుతో ఇంకో పెద్ద సింథసైజర్ చేశారు, ఆపైన కంప్యూటరులో సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ చేశారు. రెండో పాయ పెన్సిల్వేనియాలోని యార్క్ ఊళ్ళో. 1985లో రాయ్ స్మిత్, రాబర్ట్ హోక్ అక్కడ టర్టిల్ బీచ్ సిస్టమ్స్ పెట్టారు. వాద్యాల శబ్దాలను కంప్యూటర్ తెర మీద చూస్తూ కోసి అతికించే సాఫ్ట్‌వేర్ వాళ్ళ తొలి సరుకు. 1990ల మొదట్లో మల్టీసౌండ్ అనే కార్డు చేశారు. సంగీతం చేసేవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, శబ్దం అంత శుభ్రంగా ఉండేది. అయితే అప్పటి ఆటలన్నీ సౌండ్ బ్లాస్టర్‌కు తగ్గట్టు రాసినవి. ఆ కార్డు సౌండ్ బ్లాస్టర్ భాష మాట్లాడేది కాదు. ఇవాళ ఆటలకు మారుపేరైన కంపెనీ తొలి కార్డు ఆటలకే పనికిరాలేదు.

1996లో ఈ రెండు పాయలూ కలిసి వోయెట్రా టర్టిల్ బీచ్ అయ్యాయి. ఆ మరుసటి ఏడాది ఇంటెల్ ఏసీ97 అనే పద్ధతి తెచ్చింది. సౌండ్‌కు వేరే కార్డు అక్కర్లేకుండా మదర్‌బోర్డు మీదే చిన్న చిప్పు పెట్టేయడానికి దారి పడింది. దాని దెబ్బ మా బెంచీ మీదికి రావడానికి కొన్నేళ్ళు పట్టింది. 2001లో మేం కట్టిన ప్రతి కంప్యూటరుకూ ఒక సౌండ్ కార్డు గుచ్చేవాళ్ళం. 2004 వచ్చేసరికి అడిగేవాళ్ళే లేరు. మా సేఠ్ మిగిలిన కార్డుల డబ్బాను పాతసామాను వాడికి కిలోల లెక్కన వేశాడు. తూకం వేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఒక్కో కార్డుకు ఎన్ని టాకాలుంటాయో తెలిసినదాన్ని, ఆ తూకం చూడలేక లోపలికి వెళ్ళిపోయాను.

టర్టిల్ బీచ్ కూడా అదే గోడ దగ్గరికి వచ్చింది. 2005లో తన మొదటి గేమింగ్ హెడ్‌సెట్ తెచ్చింది. అప్పటికి మూడేళ్ళుగా ఎక్స్‌బాక్స్ లైవ్‌లో జనం ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడుతున్నారు. ఒక చెవికి ఆట, నోటికి మైకు కావాలి. ముప్పై ఏళ్ళు శబ్దంతోనే బతికిన వాళ్ళకు అది చేతిలో ఉన్న విద్యే. పెట్టె లోపలినుంచి బయటికొచ్చి మనిషి తలమీద కూర్చున్నారు. ఆ ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. మేం మాత్రం కొంతకాలం ప్రింటర్ల కాట్రిడ్జులు నింపుకుంటూ గడిపాం.

అయితే తలమీదికొచ్చినా వాళ్ళ బతుకు ఇంకొకరి రంధ్రంలోనే గుచ్చుకుని ఉంది. ఉపకరణాలు చేసే కంపెనీలన్నిటికీ ఉన్న కష్టమే ఇది. యంత్రం మైక్రోసాఫ్ట్‌ది, సోనీది. ఏ జాక్ పెట్టాలో వాళ్ళిష్టం. 2013 నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్ వచ్చింది. కంట్రోలరుకు పాత 2.5 జాక్ తీసేశారు, 3.5 పెట్టలేదు, వేరే ఆకారంలో కొత్త రంధ్రం పెట్టారు. పాత హెడ్‌సెట్లు తగిలించాలంటే అడాప్టర్ కావాలి. ఆ అడాప్టర్ 2014 మార్చిలో గానీ బజారుకు రాలేదు. పండగ సీజను అంతా హెడ్‌సెట్లు ఉన్నా తగిలించే చోటు లేదు. 2015లో మైక్రోసాఫ్ట్ కంట్రోలరుకు 3.5 జాక్ పెట్టాక ఆ చిక్కు తీరింది. అంత చిన్న రంధ్రం మీద ఎంతమంది జీతాలు ఆధారపడి ఉంటాయో రోజూ జాకులు మార్చే నాకు తెలుసు.

జాక్ గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి, నా అన్నం అదే కదా. ఇప్పటి హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, వాటితో నాలుగు భాగాలవుతాయి. కొసన ఎడమ శబ్దం, తర్వాత కుడి, ఆ తర్వాత గ్రౌండు, చివర మైకు. ఇప్పటి ఫోన్లు, కంట్రోలర్లు దాదాపు అన్నీ ఈ వరసే. వెనకటి కొన్ని నోకియా ఫోన్లలో గ్రౌండు, మైకు తారుమారుగా ఉండేవి. పాత వరసలో చేసిన వైరు కొత్త ఫోనుకు పెడితే ఒక వింత జరుగుతుంది. పాటలో డప్పు, కీబోర్డు, వయొలిన్ అన్నీ వినిపిస్తాయి, పాడేవాళ్ళు మాత్రం మాయం. ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. గ్రౌండు తెగితే రెండు డొప్పలకూ మధ్యనున్న తేడా మాత్రమే మిగులుతుంది. పాడే గొంతును రెండు పక్కలకూ సమానంగా కలుపుతారు కాబట్టి అది కొట్టుకుపోతుంది. ఎవరైనా "అక్కా, పాట వస్తుంది, సింగర్ వస్తలేడు" అంటే హెడ్‌సెట్ చేతిలోకి తీసుకోకుండానే గ్రౌండు పోయిందని చెప్పేస్తాను. పిల్లలు మంత్రం వేసినట్టు చూస్తారు.

వైరు కోస్తే లోపల తలవెంట్రుకకన్నా సన్నని తీగలు, ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగుల్లో. తెగకుండా మధ్యలో తెల్లని నైలాన్ దారాలు పేనుతారు. తీగల మీద కంటికి కనబడని లక్క పూత ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఆ పూత పోకుండా టాకా వేస్తే అతుక్కున్నట్టే ఉంటుంది, కరెంటు పోదు. కత్తితో గీకితే తీగే తెగుతుంది. నేను ఐరన్ కొసన కాస్త సీసం బొట్టు నిలబెట్టి, ఫ్లక్స్‌లో ముంచిన తీగను ఆ బొట్టులో పెట్టి పట్టుకుంటాను. రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు. తర్వాత సన్నగా పొగ లేస్తుంది, పూత కాలుతుంది, వెండి రంగు తీగ వెంట పైకి పాకుతుంది. అప్పుడు తీయాలి. మల్టీమీటరు పెడితే బీప్‌మంటుంది. పాతికేళ్ళయినా ఆ బీప్ విన్నప్పుడు నాకు సంతోషమే.

మళ్ళీ ఆ కంపెనీ దగ్గరికి. 2014 జనవరిలో పారామెట్రిక్ సౌండ్ అనే కంపెనీతో కలిసి టర్టిల్ బీచ్ షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. పారామెట్రిక్ దగ్గర ఒక విద్య ఉంది. టార్చిలైటు వెలుతురులా శబ్దాన్ని ఒకే దిక్కుకు పంపడం. దాంతో 2015లో హైపర్‌సౌండ్ క్లియర్ అనే యంత్రం చేశారు. వినికిడి తగ్గినవాళ్ళు టీవీ చూసేటప్పుడు మాటలు వాళ్ళకే స్పష్టంగా చేరేటట్టు, ఇంట్లో మిగతావాళ్ళకు మోత లేకుండా. అది అమ్ముడుపోలేదు, ఏడాది తిరక్కుండానే ఆ పని ఆపేశారు. మా అమ్మకు అరవై దాటాక వినికిడి తగ్గింది. టీవీ మోత వీధి చివరిదాకా వినిపించేది. అలాంటి పెట్టె మా ఇంట్లో ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపించింది. ఆ కంపెనీ చేసిన పనులన్నిట్లో నాకు నచ్చింది, నిలబడనిది, అదే.

ఆ తర్వాత రెండేళ్ళు వాళ్ళకు గడ్డుకాలం. షేరు ధర ఎంత పడిందంటే 2018 ఏప్రిల్‌లో నాలుగు షేర్లు కలిపి ఒకటిగా చేసుకోవాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోర్ట్‌నైట్ ఆట అమెరికా పిల్లల్ని ఊపేసింది. నూరుమంది ఒకే దీవి మీద దిగి ఆఖరివాడు మిగిలేదాకా ఆడే ఆట. జట్టులో వాళ్ళు మాట్లాడుకోకపోతే గెలవరు. 2017లో 14.9 కోట్ల డాలర్లున్న కంపెనీ అమ్మకాలు 2018లో 28.7 కోట్ల డాలర్లయ్యాయి. కంపెనీ చేసిన కొత్త అద్భుతమేదీ లేదు. ఎవరో ఇంకొకరు చేసిన ఆట వాళ్ళ సరుకును ఇంటింటికీ మోసింది.

మా దగ్గర ఆ పని చేసింది పబ్జీ మొబైల్. అదీ 2018లోనే వచ్చింది. అంతవరకూ గేమింగ్ హెడ్‌సెట్ అంటే బంజారాహిల్స్ పిల్లల వస్తువు. ఏడాదిలో ఎల్బీనగర్, కుషాయిగూడ, మేడ్చల్ నుంచి కూడా పిల్లలు రావడం మొదలైంది. హాస్టల్ పిల్లలు డబ్బులు పోగేసి కొన్నవి, అన్న పాతది తమ్ముడికొచ్చినవి. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. ఆ నెల నా కౌంటరు ఖాళీగా ఉంటుందనుకున్నాను. కరోనా వల్ల అలా కాలేదు. ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఆన్‌లైన్ క్లాసుల పిల్లలు, క్లాసులు చెప్పే టీచరమ్మలు, అందరూ చెవులకు ఏదో ఒకటి తగిలించుకున్నారు. ఒక లెక్కల టీచరమ్మ పక్కింటి అబ్బాయి గేమింగ్ హెడ్‌సెట్, ఎర్ర లైట్లు వెలిగేది, పెట్టుకుని ఏడాదంతా పదో తరగతి పాఠం చెప్పింది. మైకు పోతే రెండుసార్లు నేనే వేశాను. అక్కడ టర్టిల్ బీచ్ అమ్మకాలూ ఆ ఏడాది 36 కోట్ల డాలర్లకు చేరాయి.

తర్వాత ఆ ఆటే బీజీఎంఐ పేరుతో 2021లో వచ్చింది, 2022 జూలైలో తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నాకు పని పెరిగింది, పోయిన ప్రతిసారీ తగ్గింది. నాది కూడా ఇంకొకరి రంధ్రంలో గుచ్చుకున్న బతుకే.

ఇక పేర్ల సంగతి. డొప్పల మీద పేర్లు మారినంత తొందరగా లోపలి సరుకు మారదు. హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2014లో వచ్చి బాగా పేరు తెచ్చుకుంది. దాన్ని విప్పితే, చైనాలో హుయిజౌకు చెందిన టాక్‌స్టార్ కంపెనీ ప్రో 80 హెడ్‌ఫోనుతో అస్థిపంజరం సరిగ్గా కలుస్తుంది. దాని ముక్క దీనికి సరిపోతుంది. అందులో మోసమేం లేదు, మంచి సరుకును ఎంచుకుని మైకు పెట్టి, మెత్తలు మార్చి, తక్కువ ధరకు ఇచ్చారు. నా దగ్గర ఇప్పటికీ రిపేరుకు ఎక్కువకాలం ఆగి వచ్చేవి అవే. అల్యూమినియం చట్రం, విరగదు. 2021లో హైపర్‌ఎక్స్ యజమాని కింగ్‌స్టన్ ఆ హెడ్‌సెట్ల వ్యాపారాన్ని హెచ్‌పీకి 42.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది. కోపెన్‌హాగన్‌లో 2001లో మౌసు ప్యాడ్లతో మొదలైన స్టీల్‌సిరీస్, వినికిడి యంత్రాలు చేసే జీఎన్ చేతికి వెళ్ళింది. ఆస్ట్రో అనే హెడ్‌సెట్ల కంపెనీ 2017లో లాజిటెక్‌కు పోయింది. టర్టిల్ బీచ్ 2019లో జర్మనీ కంపెనీ రొకాట్‌ను, 2024లో కంట్రోలర్లు చేసే పీడీపీని కొనుక్కుంది. రొకాట్ అనే పేరునే పక్కన పెట్టేసింది. ఒక పిల్లవాడు మొన్న రొకాట్ కీబోర్డు తెచ్చి "ఈ కంపెనీ మూసేసిన్రా అక్కా?" అని దిగులుగా అడిగాడు. లేదు బాబూ, ఇల్లు మారింది అన్నాను.

నాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. వైర్‌లెస్ హెడ్‌సెట్లకు కంప్యూటరుకు గుచ్చే గోరంత డాంగిల్ ఉంటుంది. అది పోతే హెడ్‌సెట్ పోయినట్టే. ఒక డిగ్రీ అబ్బాయి స్విగ్గీ డెలివరీలు చేసి, కూడబెట్టి, తొమ్మిది వేలు పెట్టి కొన్నాడు. బస్సులో బ్యాగు జిప్పు తెగి డాంగిల్ పడిపోయింది. ఆ కంపెనీ సర్వీసుకు నేనే ఫోన్ చేశాను. డాంగిల్ విడిగా అమ్మం, కొత్త సెట్ కొనుక్కోండి అన్నారు. డ్రైవర్లు, అంటే డొప్పల్లోని స్పీకర్లు, బాగున్నాయి, బ్యాటరీ బాగుంది, మైకు బాగుంది. చివరికి దాని రేడియో బోర్డు పక్కకు తీసి, రెండు డ్రైవర్లకూ నేరుగా వైరు వేసి, మామూలు జాక్ పెట్టి ఇచ్చాను. వైర్‌లెస్ హెడ్‌సెట్‌కు వైరు వేయడం నా పనిలో నాకు నచ్చని రిపేరు. డాంగిళ్ళు విడిగా అమ్మండి. ఏ కంపెనీ అయినా సరే, నేను అడిగేది అంతే.

ఇప్పుడు మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తాను.

టర్టిల్ బీచ్ హెడ్‌సెట్లలో సూపర్‌హ్యూమన్ హియరింగ్ అనే మీట ఒకటుంటుంది. అది నొక్కితే ఆటలో శత్రువు అడుగుల చప్పుడు, తుపాకీలో గుండ్లు నింపే చప్పుడు లాంటి సన్న శబ్దాలు పెరుగుతాయి. మిగతా కంపెనీలకూ వాటి వాటి పేర్లతో అలాంటివి ఉన్నాయి. ఆ అడుగుల కోసమే పిల్లలు మోత పెంచుతారు. అడుగు వినపడటానికి పెంచిన మోతలోనే తుపాకీ కూడా పేలుతుంది. గంటలకు గంటలు.

పోయిన సంవత్సరం ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు వచ్చాడు. "అక్కా, ఎడమ చెవి పోయింది. పూర్తిగా పోలే, తక్కువస్తుంది." మంచి హెడ్‌సెట్టే. కొత్త వైరు వేసి పంపాను. వారానికి మళ్ళీ వచ్చాడు, అట్లనే ఉందన్నాడు. డొప్పలు విప్పి రెండు డ్రైవర్లనూ కొలిచాను, రెండూ 32 ఓములు. రెండిటికీ ఒకే శబ్దం పంపి నేనే విన్నాను, తేడా లేదు. వాడి చేతిలో పెడితే "తక్కువనే ఉందక్కా" అన్నాడు. నాకు చేతులు ఆగిపోయాయి. హెడ్‌సెట్ తిరగేసి, ఎడమ డొప్ప కుడిచెవికి వచ్చేటట్టు వాడి తలమీద నేనే పెట్టాను.

"ఇప్పుడు ఎటుపక్క తక్కువుంది?"

"ఎడమనే అక్కా."

వాడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. డొప్పలు మారినా తక్కువ మారలేదు. వాళ్ళమ్మ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. "అమ్మా, హెడ్‌సెట్‌లో ఏం లేదు. బాబును కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి, రేపే తీసుకెళ్ళండి" అన్నాను. వైరు డబ్బులు తిరిగిచ్చేశాను. నెల తర్వాత ఆవిడే వచ్చింది. ఆడియోమెట్రీ చేశారట. ఎడమ చెవిలో సన్నని శబ్దాలు వినే శక్తి తగ్గిందని, పోయినది తిరిగిరాదని, ఉన్నది కాపాడుకోమని డాక్టరు చెప్పారట. వాడు రోజూ రాత్రి దాకా ఆడేవాడని, నిద్రపోయేటప్పుడు కూడా ఎడమ చెవికి ఇయర్‌ఫోను ఉండేదని చెప్తూ ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది. నా దగ్గర అన్ని కంపెనీల డ్రైవర్లూ డబ్బాల్లో ఉన్నాయి, 40 మిల్లీమీటర్లవి, 50వి. ఆవిడకు ఇవ్వడానికి ఏమీ లేదు.

పెద్దవాళ్ళకు 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలు, 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే భద్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఇంకా తక్కువ. 2025లో వీడియో గేములకంటూ భద్రంగా వినే ప్రమాణాలు కూడా విడుదల చేసింది. మోత పరిమితి పెట్టుకునే వీలు చాలా ఫోన్లలో ఉంది, సెట్టింగుల్లో ఉంటుంది. నా కౌంటరుకొచ్చిన ప్రతి పిల్లవాడికీ ఇప్పుడు అది పెట్టి పంపుతున్నాను. కొందరు ఇంటికెళ్ళి తీసేస్తారని తెలుసు. అయినా పెడుతున్నాను.

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఒక చెవికి తక్కువ వస్తోందని అంటే, కొట్టుకు తెచ్చేముందు హెడ్‌సెట్‌ను తిరగేసి పెట్టి చూడండి. తక్కువ వచ్చే పక్క మారితే నా దగ్గరికి రండి, గంటలో చేసిస్తాను. మారకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.